డేరాల్లోనే పోయిన సైనికులు

చిరంజీవులు అనన్యకు, రిషికి తాతయ్య ఆశీస్సులు.

మీ క్లాసులో అమెరికా అంతర్యుద్ధం పాఠం మొదలైందని అమ్మ చెప్పింది. అందులో అధ్యక్షుడు లింకన్, దక్షిణాది సేనాని జనరల్ లీ, గెటిస్‌బర్గ్ పోరు ఎలాగూ వస్తాయి. విరేచనాలు పట్టుకుని డేరాలోనే ప్రాణం వదిలిన కుర్రాడు మాత్రం రాడు. అందుకే వాడి గురించి నేను రాస్తున్నాను.

1861 నుంచి 1865 దాకా ఉత్తరాది, దక్షిణాది రెండు వైపులా కలిపి దాదాపు 6,20,000 మంది సైనికులు పోయారని పాత లెక్క. ఈమధ్య చరిత్రకారులు ఆ సంఖ్యను ఇంకా పెంచారు. ముగ్గురిలో ఇద్దరిని తీసుకుపోయింది రోగమే.

పల్లెటూళ్ల నుంచి వచ్చిన పిల్లలకు అంతకుముందు తట్టు సోకి ఉండదు. వేలమందిని ఒకచోట చేర్చగానే అది చుట్టేసింది. తర్వాత రక్త విరేచనాలు, టైఫాయిడ్. దొడ్డికి గోతులు తవ్వమని, రోజూ మట్టి కప్పమని ఆర్డర్లు ఉండేవి. చాలామంది ఆ కంపు భరించలేక డేరాల వెనక్కే వెళ్లేవారు. వానొస్తే అదంతా వాగులోకి, వాగు నీళ్లు వాళ్ల కడుపులోకి. సూక్ష్మజీవుల సంగతి అప్పటి డాక్టర్లకే తెలియదు, ఇక ఆ పిల్లల్ని ఏమని తప్పుపడతాం?

డేరా ఇద్దరికొకటి. సగం గుడ్డ ఒకడు, సగం ఇంకొకడు మోసుకొచ్చి, రాత్రికి రెండూ గుండీలు పెట్టి కలిపేవారు. ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు ఆ పక్కనే పడుకోవాలి. తిండి అంటే పిండి, నీళ్లతో కాల్చిన రాయిలాంటి బిస్కెట్టు. తుపాకీ మడమతో పగలగొట్టి వేడి కాఫీలో వేస్తే పురుగులు పైకి తేలేవి. వాటిని తీసి పారేసి తినేవారు.

మందు ఇంకా ఘోరం. పాదరసంతో చేసిన కాలొమెల్ ఇచ్చేవారు. అది ఎక్కువైతే చిగుళ్లు కుళ్లి పళ్లు ఊడేవి. ఉత్తరాది సైన్యం ప్రధాన వైద్యాధికారి విలియం హామండ్ 1863లో దాన్ని మందుల జాబితాలోంచి తీసేస్తే తోటి డాక్టర్లే ఆయనపై భగ్గుమన్నారు. మరుసటి ఏడాది ఆయన ఉద్యోగం పోయింది. ఆ ధైర్యానికి నేను దండం పెడతాను.

ఇంటి మీద బెంగను కూడా జబ్బు కిందే రాసుకునేవారు.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది నల్లజాతి దళాల సంగతి. వాళ్లలో పోరులో పోయినవారికన్నా రోగంతో పోయినవారు దాదాపు పది రెట్లు. వాళ్లకు దక్కిన వైద్యం అంత అధ్వాన్నం.

మలేరియా కూడా లక్షలమందిని పట్టింది. క్వినైన్ మందు పనిచేసేది కానీ, జ్వరం చిత్తడి నేలల చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. దోమ కడుపులో ఆ క్రిమిని డాక్టర్ రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, అదీ మన సికింద్రాబాద్‌లో. సెలవులకు వచ్చినప్పుడు బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనానికి తీసుకెళ్తాను.

మీ తాతయ్య