‘సెట్’ అంటే అమర్చడమేనా? అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. కొత్త బ్యాచ్ మొదలైతే చాలు, ఎవరో ఒకరి చేతిలో ఆ లాంగ్ నోట్‌బుక్ కనిపిస్తుంది. పేజీని నిలువుగా మడిచి ఎడమ పక్క ఇంగ్లిష్ మాట, కుడి పక్క ఒక్కటంటే ఒక్క తెలుగు అర్థం. ‘సెట్ - అమర్చు’.

అపోహ: ఒక్కో మాటకు ఒక్కో అర్థం బట్టీ పడితే ఇంగ్లిష్ వచ్చేస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకం ఉద్యోగాలకే ఎసరు పెడుతోంది. మొన్న మాక్ ఇంటర్వ్యూలో ‘మీ స్కిల్ సెట్ ఏమిటి?’ అని అడిగితే ఒకమ్మాయి నోరు పెగల్లేదు. జావా బాగా వచ్చు, ప్రాజెక్ట్ చేసింది. ‘స్కిల్‌ని అమర్చడమేంటి సార్?’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు ఆ పిల్లది కాదు, అలా నేర్పినవాళ్లది.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో ఎడిషన్ ‘సెట్’కు 430 అర్థాలిచ్చింది. టెన్షన్ పడకండి, అవన్నీ ఇంగ్లిష్ వాళ్లకే కంఠతా రావు. మూలం పట్టుకుంటే చాలు. పాత ఇంగ్లిష్‌లో ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. మనకు కూర్చో, కూర్చోబెట్టు ఉన్నట్టే వాళ్లకు సిట్, సెట్. లేచు, లేపు లాంటివే రైజ్, రెయిజ్. దేన్నైనా ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడం అనుకుంటే టేబుల్ సెట్ చేయడం, తేదీ సెట్ చేయడం, సిమెంట్ సెట్ అవడం అన్నీ ఒక తాటి మీదికొస్తాయి. స్లాబ్ సెట్ అయిందని మేస్త్రీ, సంబంధం సెట్ అయిందని పిన్ని రోజూ అంటూనే ఉంటారు కదా! సగం మీకు వచ్చినట్టే.

స్కిల్ సెట్, టీ సెట్‌లో ఉన్నది మాత్రం వేరే దారిన వచ్చింది. లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చి ఈ ‘సెట్’తో కలిసిపోయింది. దాని అర్థం సమూహం. ఆ అమ్మాయికి ఇంతే చెప్పాను, మరుసటి వారం గడగడా జవాబిచ్చింది.

మిగతావి గబగబా. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్), ఐసెట్‌లలో ఉన్నది ఈ మాట కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే దానికి పొడి అక్షరాలు. మన సెట్విన్ బస్సు పేరూ అలా కూర్చిందే. అలాగని ప్రతి పొట్టి మాటకూ ఫుల్‌ఫామ్ ఉండదు. ‘న్యూస్’ నాలుగు దిక్కుల పేర్లతో పుట్టిందని వాట్సాప్‌లో తిప్పడం దయచేసి ఆపండి, అది ‘న్యూ’ నుంచి వచ్చింది. ఇక ‘సెటెడ్’ అనే రూపమే లేదు, నిన్న చేసినా సెట్టే.