బీపీ వేరు, తలలో ఒత్తిడి వేరు: అపోహలు - వాస్తవాలు

"బీపీ తలకెక్కింది" అనే మాట మన ఇళ్ళలో మామూలే. తల పగిలిపోతున్నా, కళ్ళు తిరిగినా, ముక్కులోంచి రక్తం కారినా ఇదే మాట. తలలో ఒక ఒత్తిడి ఉన్న మాట నిజమే, కానీ అది బీపీ కాదు. మనసు మీద పడే ఒత్తిడి కూడా కాదు. ఎముక పెట్టెలాంటి పుర్రెలో మెదడు, రక్తం, మెదడు చుట్టూ తిరిగే నీరు సర్దుకుని ఉంటాయి. వాటివల్ల లోపల ఉండే ఒత్తిడి పెద్దవాళ్ళలో, పడుకున్నప్పుడు, 7 నుంచి 15 మిల్లీమీటర్లు. దీన్నీ బీపీలాగే పాదరసం మిల్లీమీటర్లలో చెబుతారు. తలకు గాయమైన మనిషిలో ఇది 22 దాటి నిలిస్తే ఐసీయూలో వెంటనే దించే వైద్యం మొదలవుతుంది. చేతికి పట్టీ చుట్టి దీన్ని కొలవలేం.

అపోహ: బీపీ ఎంత పెరిగితే తలలో ఒత్తిడి అంత పెరుగుతుంది.

వాస్తవం: అలా పెరగకుండా మెదడు రక్తనాళాలే అడ్డుపడతాయి. బీపీ పెరిగితే అవి ముడుచుకుంటాయి, తగ్గితే వెడల్పవుతాయి. సగటు బీపీ సుమారు 60 నుంచి 150 మధ్య ఎక్కడున్నా మెదడుకు వెళ్ళే రక్తం దాదాపు ఒకేలా ఉంటుంది. సగటు అంటే కింది అంకెకు, రెండు అంకెల తేడాలో మూడో వంతు కలపాలి: 120/80 అయితే 93. ఏళ్ళ తరబడి బీపీ ఉన్నవాళ్ళలో ఈ హద్దులు పైకి జరుగుతాయి. పై అంకె 180తో అలవాటుపడిన మెదడుకు ఉన్నట్టుండి 110 ఇస్తే రక్తం చాలదు.

పై హద్దు దాటినప్పుడు మాత్రం నాళాల్లోంచి నీరు ఊరి మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతులు, చూపు మసక, తికమక, ఫిట్స్ వస్తాయి. గర్భిణుల్లో బీపీతో పాటు ఫిట్స్ వచ్చే గుర్రపువాతంలో (ఎక్లాంప్సియా) అంత పెద్ద అంకె లేకుండానే ఇది జరగవచ్చు.

అపోహ: తలనొప్పి ఉంటే బీపీ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

వాస్తవం: 150, 160 దగ్గర ఉన్న బీపీ సాధారణంగా ఏ నొప్పీ పెట్టదు. అదే దాని ప్రమాదం. పైగా నొప్పే బీపీని పెంచుతుంది. పుర్రెలో ఒత్తిడి పెరిగినప్పటి నొప్పి తీరు వేరు: తెల్లవారుజామున నిద్ర లేపుతుంది, పడుకున్నా, దగ్గినా, ముక్కినా, వంగినా ఎక్కువవుతుంది, వాంతి తోడవుతుంది. లేచి నిలబడగానే కొన్ని క్షణాలు చూపు చీకటి కావడం, చెవిలో నాడి కొట్టుకున్నట్టు హోరు, ఒకటి రెండుగా కనిపించడం కూడా గుర్తులే. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలోపు తారస్థాయికి చేరే నొప్పి వస్తే మాత్రం మెదడులో రక్తస్రావం కాదని తేలేదాకా ఆగకూడదు.

అపోహ: బీపీ 200 చూపిస్తే ఎలాగైనా సరే, వెంటనే దించేయాలి.

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మెదడులోకి రక్తాన్ని నెట్టే బలం ఎంతో లెక్కకట్టాలంటే సగటు బీపీలోంచి తలలోని ఒత్తిడిని తీసేయాలి. మామూలు మనిషిలో 93లోంచి 10 పోతే 83. గడ్డ వల్లో, రక్తస్రావం వల్లో లోపల ఒత్తిడి 40కి చేరిందనుకోండి. 93లోంచి 40 పోతే మిగిలేది 53. కనీసం 60 లేకపోతే మెదడుకు చాలదు. అందుకే శరీరం తనంతట తానే బీపీ పెంచుతుంది: 190/100 అంటే సగటు 130, అందులోంచి 40 తీస్తే 90. ఆ 190 మెదడును బతికిస్తున్న అంకె. దాన్ని మందుతో 120/80కి లాగితే మళ్ళీ 53కే వస్తాం.

ఈ ప్రతిస్పందనను 1901-02లో అమెరికా మెదడు సర్జన్ హార్వీ కుషింగ్ ప్రయోగాలతో చూపించాడు. బీపీ పెరుగుతుంది, నాడి నెమ్మదిస్తుంది, ఊపిరి లయ తప్పుతుంది. మగతగా ఉన్న మనిషికి బీపీ 200, నాడి 50 ఉంటే ముందు తల సంగతి చూడాలి. పైగా ఇది ఆలస్యంగా కనిపించే గుర్తు. అప్పటికే మెదడు కిందికి జారే దశ దగ్గరపడి ఉంటుంది.

పక్షవాతంలోనూ ఇంతే. గడ్డకట్టిన రక్తం అడ్డుపడితే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వనప్పుడు, గుండె లాంటి వేరే కారణం లేకపోతే మొదటి రోజుల్లో 220/120 దాకా సాధారణంగా బీపీ జోలికి వెళ్ళరు. ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 లోపు ఉండాలి. రక్తనాళం చిట్లితే చాలామందిలో పై అంకెను 140 దగ్గరికి నిదానంగా తెస్తారు, 130 కిందికి పోనివ్వరు. ఏది అడ్డుపడింది, ఏది చిట్లింది అన్నది బయటినుంచి చూసి చెప్పలేం. సీటీ స్కాన్ తీశాకే తెలుస్తుంది. బీపీ మందు నిఫెడిపిన్ క్యాప్సూల్‌కు సూది గుచ్చి నాలుక కింద పిండటం ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది బీపీని ఎంత దించుతుందో, ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. దయచేసి ఆ పని చేయించుకోకండి.

ఏ లక్షణమూ లేకుండా 200 కనిపిస్తే మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని మళ్ళీ రెండుసార్లు చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ వస్తుంది. అప్పటికీ ఎక్కువే ఉంటే ఆ రోజే డాక్టర్‌ను కలవాలి. మాత్రలతో గంటల్లో, రోజుల్లో దించుతారు, నిమిషాల్లో కాదు.

అపోహ: చూపు మసకబారితే కళ్ళజోడు మార్చుకుంటే చాలు.

వాస్తవం: కంటిపాపలో మందు చుక్కలు వేసి వెనక నరం చూడాలి. రెండు కళ్ళలోనూ ఆ నరం తల వాచి ఉంటే మొట్టమొదట చూడాల్సింది బీపీయే, ఎందుకంటే మరీ ఎక్కువైన బీపీ ఒక్కటే ఆ వాపు తేగలదు. బీపీ మామూలుగా ఉంటే సిరలు కూడా కనిపించేలా ఎమ్మారై తీయాలి. అందులో గడ్డ లేకపోతే వెన్నులో సూదితో ఒత్తిడి కొలుస్తారు. పెద్దవాళ్ళలో 25 సెంటీమీటర్ల నీటి మట్టం దాటితే ఎక్కువ. గడ్డ లేకుండానే ఒత్తిడి పెరిగే ఈ జబ్బు బరువున్న యువతుల్లో తరచు కనిపిస్తుంది. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, డాక్సీసైక్లిన్, మోతాదు మించిన విటమిన్ ఏ కూడా కారణమవుతాయి. ఈ ఒత్తిడి తగ్గించడానికి ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్రలకు వేళ్ళు తిమ్మిరెక్కితే భయపడి మానేయకండి, డాక్టర్‌తో చెప్పండి. నిర్లక్ష్యం చేస్తే చూపు పోతుంది.

అపోహ: వెన్నులో నీరు తీస్తే నడుము పడిపోతుంది.

వాస్తవం: వెన్నుపాము ముగిసిన చోటికి కింద సూది గుచ్చుతారు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే మొత్తం నీరు సుమారు 150 మిల్లీలీటర్లు, రోజుకు ఊరేది దాదాపు 500. తీసిన 10, 20 మిల్లీలీటర్లు గంటలో తిరిగి ఊరుతాయి. అసలు భయపడాల్సింది, గడ్డ అనుమానం ఉన్నా స్కాన్ తీయకుండా సూది వేయడానికి.

అపోహ: పచ్చిబాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదు.

వాస్తవం: కాన్పు తర్వాత ఆరు వారాలు రక్తం సులువుగా గడ్డకడుతుంది. దానికి నీళ్ళు తక్కువవడం తోడైతే మెదడు సిరల్లో గడ్డ కట్టి, రక్తం బయటికి పోయే దారి మూసుకుని, తలలో ఒత్తిడి పెరుగుతుంది. దాహమైనన్ని నీళ్ళు ఇవ్వాలి. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చాక వచ్చే తలనొప్పి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గకపోతే, ఫిట్స్ వస్తే, చెయ్యో కాలో పట్టు తప్పితే మామూలు సీటీ బాగుందని ఆగిపోకూడదు, సిరల స్కాన్ అడగాలి. బీపీ కూడా చూడాలి: బాలింతల్లో 140/90 దాటితే అది పట్టించుకోవలసిన అంకె.

అపోహ: స్పృహ తప్పుతున్న మనిషికి బీపీ మాత్ర మింగించి, నీళ్ళు తాగించాలి.

వాస్తవం: రెండూ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. 108కు ఫోన్ చేసి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తలకు దెబ్బ తగిలి ఉంటే మెడ కదలనివ్వకండి. ఆసుపత్రిలో తలవైపు 30 డిగ్రీలు ఎత్తి, మెడ తిన్నగా ఉంచుతారు. మెడ ఒక పక్కకు వాలితే సిర నొక్కుకుని ఒత్తిడి పెరుగుతుంది. మాటలో, చేతి పట్టులో తేడా మొదలైన సమయం, రోజూ వాడే మాత్రల చీటీ, చివరిసారి మామూలుగా ఉన్నప్పటి బీపీ అంకె వెంట తీసుకెళ్ళండి. ఎంత దించాలో తేల్చడానికి ఆ పాత అంకె పనికొస్తుంది.