ఎక్కడ ఆగింది? ఎగ్జిక్యూటివ్ డిస్‌ఫంక్షన్: అపోహలు - వాస్తవాలు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. స్నానం, బట్టలు, బిల్లులు, ఫోన్‌కాల్స్ లాంటి రోజువారీ పనులు ముందుకు సాగనివాళ్లతో పనిచేస్తాను. పని మొదలుపెట్టడం, వరస పెట్టుకోవడం, మధ్యలో మరచిపోకుండా ఉండటం, అవసరమైతే దారి మార్చుకోవడం, పూర్తిచేయడం... వీటన్నిటినీ నడిపే మెదడు సామర్థ్యాలను ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటాం. అవి తడబడితే ఎగ్జిక్యూటివ్ డిస్‌ఫంక్షన్. జ్వరంలాగే దీనికీ రకరకాల కారణాలుంటాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే అనే మొదటి మాట: "నాకు బద్ధకమండీ." ఆ పేరు ఇంట్లోనో బడిలోనో ఎప్పుడో పెట్టేసి ఉంటారు.

అపోహ: చేయాలని ఉంటే చేసేవాడే. ఇది ఒట్టి బద్ధకం.

బద్ధకించి పని మానేసినవాడికి కాసేపైనా హాయిగా ఉంటుంది. వీళ్లకు ఆ హాయి లేదు. పొద్దున్నుంచీ ఆ పని గురించే ఆలోచిస్తూ, లేవలేక, తమను తామే తిట్టుకుంటూ, రాత్రికి ఒళ్లు హూనమై పడుకుంటారు.

ఒకతను రెండు పేజీల దరఖాస్తు ఫారాన్ని ఆరు వారాలుగా బ్యాగులో మోస్తున్నాడు. గడువు దగ్గరపడింది, ఇంట్లో రోజూ గొడవ. ఫారం బయటికి తీయమన్నాను. అంచులు నలిగిపోయి ఉన్నాయి. పేరు, పుట్టినతేదీ రాసి ఉన్నాయి. ఆ పక్కనే ఫొటో అంటించే గడి ఖాళీగా ఉంది. అతని దగ్గర ఫొటో లేదు. ఫొటో దిగాలంటే గడ్డం గీసుకోవాలి, దానికి బ్లేడు కొనాలి, కొనాలంటే బయటికెళ్లాలి. ఫారం తీసిన ప్రతిసారీ ఆ గడి దగ్గరే ఆగిపోయేవాడు. ఫొటో సంగతి తర్వాత చూద్దాం, కింది వరసనుంచి రాయమన్నాను. అరగంటలోపే మిగతాదంతా అయిపోయింది. ఫొటో కోసం మర్నాడు తమ్ముడు తోడు వెళ్లాడు.

అందుకే నేను "ఎందుకు చేయలేదు?" అని అడగను. ఆ ప్రశ్నకు తలవంచుకోవడం తప్ప వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. "ఎక్కడ ఆగింది?" అంటే మాత్రం ఆలోచించి చెబుతారు. సాయం చేయాల్సింది కూడా అక్కడే.

అపోహ: ఇంత తెలివైనవాళ్లకు ఇదేం సమస్య?

1991లో టిమ్ షాలిస్, పాల్ బర్జెస్ అనే బ్రిటన్ పరిశోధకులు, తలకు దెబ్బ తగిలి మెదడు ముందుభాగం గాయపడిన ముగ్గురి గురించి రాశారు. ఐక్యూ పరీక్షల్లో ముగ్గురూ సగటుకంటే పైనే. కానీ షాపులున్న వీధికి పంపి, కొన్ని వస్తువులు కొనుక్కురమ్మని, కొంత సమాచారం కనుక్కోమని, చెప్పిన టైముకి చెప్పిన చోట ఉండమని అంటే తేలిపోయారు. పరీక్ష గదిలో ప్రశ్న ఎదురుగా ఉంటుంది, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరో చెబుతారు. బయట అవన్నీ మనమే చూసుకోవాలి. "ఇంత చదివావు, ఒక బిల్లు కట్టలేవా?" అని అడిగేవాళ్లు రెండు వేరువేరు సామర్థ్యాలను ఒకే గాటన కడుతున్నారు.

అపోహ: నచ్చిన పనైతే గంటలు చేస్తాడు. కాబట్టి ఇదంతా నాటకం.

ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే వినేవాళ్లు దాన్ని నిజమని నమ్మేస్తారు. ఆసక్తి, కొత్తదనం, తరుముకొచ్చే గడువు ఉంటే కావలసిన ఊపు పనిలోంచే వస్తుంది. విసుగు పుట్టించే పనికి, ఫలితం ఎప్పుడో వచ్చే పనికి ఆ ఊపు మనమే తెచ్చుకోవాలి. ఏడీహెచ్‌డీ (చిన్నప్పటినుంచీ ధ్యాస నిలపడం, ఆగి ఆలోచించడం కష్టమయ్యే స్థితి) ఉన్నవాళ్లకు కష్టమయ్యేది అదే. నిన్న చేసిన పనిని ఇవాళ చేయలేకపోవడం కూడా ఇందులో మామూలే.

అపోహ: ఇది పిల్లల సమస్య.

పెద్దయ్యాక కూడా ఏడీహెచ్‌డీ చాలామందిలో కొనసాగుతుంది. అదొక్కటే కాక ఆటిజం, డిప్రెషన్, స్కిజోఫ్రెనియా, పక్షవాతం, తలకు దెబ్బ, పార్కిన్సన్స్, డిమెన్షియా వల్లా ఈ ఇబ్బంది రావచ్చు. అప్పటిదాకా అన్నీ చక్కబెట్టుకున్న మనిషి ఉన్నట్టుండి తడబడుతుంటే, ముఖ్యంగా ఎక్కడైనా పడి తలకు తగిలాక, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మూతి వంకరపోయినా, మాట తేడాగా వచ్చినా, ఒక చెయ్యి పట్టు తప్పినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

అపోహ: నాలుగు చివాట్లు పెడితే దారికొస్తారు.

ఈ సామర్థ్యాలకు ముఖ్య ఆధారం నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఒత్తిడికి అది త్వరగా లొంగిపోతుంది. టెన్షన్‌లో డోపమిన్, నార్‌ఎడ్రినలిన్ అనే మెదడు రసాయనాల మోతాదు మించితే దాని పనితీరు పడిపోతుందని ఎమీ ఆర్న్‌స్టెన్ లాంటి శాస్త్రవేత్తలు వివరించారు. అప్పటికే తడబడుతున్న చోటే చివాట్ల దెబ్బ కూడా పడుతుందన్నమాట. భయంతో ఆ ఒక్కరోజుకి పని జరగొచ్చు. తర్వాత ఆ పని పేరెత్తితేనే గుండె దడ.

"గది సర్దు" అనే మాటలో పాతిక పనులున్నాయి. "కిందున్న బట్టలు ఈ బుట్టలో వెయ్యి, నేనిక్కడే కూర్చుంటా" అంటే ఒకటే పని, పక్కన ఒక మనిషి. అలా ఊరికే తోడుండటం చాలామందికి పనికిరావడం నేను చూస్తూనే ఉన్నాను. కూర్చున్నవాళ్లు సలహాలివ్వకుండా తమ పని తాము చేసుకోవాలి. కుటుంబాలకు నేను నేర్పేవాటిలో అన్నిటికంటే కష్టమైనది ఇదే.

అపోహ: గుర్తుచేస్తూ పోతే ఎప్పటికీ మనమీదే ఆధారపడతారు.

2001లో బార్బరా విల్సన్ బృందం బ్రిటన్‌లో 143 మందితో చేసిన అధ్యయనం ఉంది. జ్ఞాపకశక్తి, ప్లానింగ్ లాంటివాటిలో ఇబ్బంది ఉన్నవాళ్లకు పేజర్లు (సందేశం రాగానే మోగే చిన్న పరికరాలు) ఇచ్చి, మందులు, అపాయింట్‌మెంట్ల లాంటివి వేళకు గుర్తుచేశారు. 16 వారాలూ పూర్తిచేసినవాళ్లలో 80 శాతానికి పైగా తమ పనులు ముందుకంటే బాగా చేసుకోగలిగారు. పేజర్ వెనక్కి ఇచ్చేసిన ఏడు వారాల తర్వాత చూసినా చాలామందిలో ఆ మెరుగుదల నిలిచే ఉంది.

అయితే గుర్తుచేసేది పని జరిగే చోటే, జరిగే క్షణానే అందాలి. దారిలో ఉండగా మోగిన అలారం ఇంటికొచ్చేసరికి మాయమవుతుంది. "రాత్రి మాత్ర వేసుకోవాలి" అనుకోవడం కంటే "బ్రష్ కడిగి పెట్టగానే మాత్ర వేసుకుంటాను" అని ముడిపెట్టుకోవడం మేలు. మాత్రల డబ్బా బ్రష్ పక్కనే ఉండాలి. ప్లానర్ యాప్‌లూ అంతే: తెరవడం గుర్తుండనివాళ్లకు అవి ఇంకో బరువు.

అపోహ: అవసరమైతే తనే డాక్టర్ దగ్గరికి వెళ్లేవాడుగా.

నంబరు వెతకాలి. ఫోన్ చేయాలి. పాత కాగితాలు తీయాలి. తేదీ గుర్తుంచుకోవాలి. ఆ రోజు టైముకి బయలుదేరాలి. ఏ సామర్థ్యాలు సరిగా అందడం లేదో, సాయం అడగడానికీ అవే కావాలి. ఏళ్లతరబడి బద్ధకస్తుడనిపించుకున్న మనిషికి పైగా సిగ్గు కూడా. ఒక కాగితం మీద ఈ రెండు వారాల్లో ఏ పని ఎక్కడ ఆగిందో ఇద్దరూ కలిసి రాయండి, డాక్టరుకు అది చాలా ఉపయోగపడుతుంది. తర్వాత పక్కన కూర్చుని అడగండి: "నంబరు నేను కలుపుతా. నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?"