వెనకే ఉన్నాడని తెలిసినా...

చెన్నై వేళచేరిలోని మా రూములో శనివారం రాత్రి సినిమా అంటే ముసుగు వేసుకుని కత్తి పట్టినవాడి సినిమానే. నలుగురం తెలుగువాళ్లం, కథ అందరికీ కంఠతా వచ్చు. అయినా తెర మీద అమ్మాయి తలుపు తీయబోతే "వెళ్లకే, వెనకే ఉన్నాడు!" అని ఒకడు అరుస్తాడు. ముందు ఎవరు పోతారన్నదానికి బిరియానీ పందెం.

ఈ సరదాకి పునాది 1960 నాటి ‘సైకో’. హీరోయిన్ అనుకున్న మనిషిని దర్శకుడు హిచ్‌కాక్ సగం సినిమా కాకముందే బాత్రూములో చంపించేశాడు. ‘టెక్సస్ చైన్ సా మాసకర్’, ‘బ్లాక్ క్రిస్మస్’ 1974లో వచ్చాయి. అచ్చు పోసింది మాత్రం 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’. బడ్జెట్ సుమారు 3 లక్షల డాలర్లు. హంతకుడి ముసుగేమో ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్లోని కెప్టెన్ కర్క్ ముఖానిది, చవగ్గా కొని తెల్లరంగు కొట్టారు. కోపం, నవ్వు ఏదీ లేని ఆ ముఖమంటే నాకు కత్తికన్నా భయం.

సంగీతం లేకుండా చూపిస్తే ఆ సినిమా భయపెట్టలేదట. అప్పుడు కార్పెంటరే పియానో ముందు కూర్చున్నాడు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న మా రూమ్మేట్ తొడ మీద వేళ్లతో తాళం లెక్కపెట్టి "ఇది ఐదు రా" అన్నాడు. నాలుగు దెబ్బల తాళానికి అలవాటుపడ్డ చెవికి ఆ ఒక్కటీ ఎక్కువే. టెన్షన్ సగం అక్కడే ఉంది.

అదే 1978లో తమిళంలో భారతీరాజా ఇలాంటి హంతకుడి కథతోనే ‘సిగప్పు రోజాక్కళ్’ తీశారు, తెలుగులో ‘ఎర్ర గులాబీలు’. ‘ఎదలో తొలి వలపే’ మా అమ్మ ఇప్పటికీ కూనిరాగం తీస్తుంది, సినిమా మాత్రం మళ్లీ చూడనంటుంది.

1980లో ‘ఫ్రైడే ది థర్టీన్త్’ వచ్చాక ఇలాంటివి వరస కట్టాయి. చివరికి ప్రాణాలతో మిగిలే అమ్మాయికి ‘ఫైనల్ గర్ల్’ అని 1987లో పేరుపెట్టింది ప్రొఫెసర్ కేరల్ క్లోవర్. హంతకుడి కళ్లతో చూడటం మొదలుపెట్టిన మగ ప్రేక్షకుడు చివరికొచ్చేసరికి ఆ అమ్మాయి పక్షాన చేరతాడన్నది ఆమె వాదన. మా రూములో అది ప్రతిసారీ నిజమే అవుతుంది.

1996లో ‘స్క్రీమ్’ ఏకంగా అభిమానులకే పరీక్ష పెట్టింది. అందులో హంతకుడు ఒక అమ్మాయికి ఫోన్ చేసి ‘ఫ్రైడే ది థర్టీన్త్’ హంతకుడెవరని అడుగుతాడు. అమ్మాయి, తర్వాతి భాగాల్లో హంతకుడైన జేసన్ పేరు చెప్పింది. తప్పు, మొదటి భాగంలో హంతకురాలు జేసన్ వాళ్లమ్మ. మావాడు గొంతు చించుకుని చెప్పినా ఆమెకి వినపడలేదు.

మొన్న మళ్లీ ‘హాలోవీన్’ వేశాం. చివర్లో బాల్కనీ నుంచి పడ్డవాడు కింద చూస్తే ఉండడు. ఆ రాత్రి మా బాల్కనీలో ఆరేసిన బట్టలు తీయడానికి నలుగురిలో ఒక్కడూ లేవలేదు.