జెట్ ఇంజిన్ డిస్క్‌ల ఆయుఃపరిమితి: అపోహలు - వాస్తవాలు

జెట్ ఇంజిన్‌లో తిరిగే డిస్క్‌లు (అంచు చుట్టూ బ్లేడ్లను పట్టి ఉంచే చక్రాలు), షాఫ్ట్‌లు, స్పూల్‌లు, తిరిగే సీళ్లు, వీటిలో ప్రతిదానికీ ‘ఇన్ని సైకిళ్లు పూర్తయ్యేలోగా ఇంజిన్ నుంచి తీసివేయాలి’ అని శాసించే ఒక సంఖ్య ఉంటుంది. సైకిల్ అంటే స్థూలంగా టేకాఫ్ నుంచి ఇంజిన్ ఆగేదాకా ఒక ప్రయాణం. పరిశ్రమలో వీటిని లైఫ్ లిమిటెడ్ పార్ట్స్ అనీ, క్లుప్తంగా ఎల్‌ఎల్‌పీ అనీ అంటారు. ఆ సంఖ్యను నిర్ణయించడమే మా పని. ప్రయాణికులే కాక, విమానాల నిర్వహణలో ఏళ్ల తరబడి పనిచేసిన వారు కూడా ఈ సంఖ్య అర్థాన్ని తరచుగా పొరబడుతుంటారు. అది ఆ భాగం ఎప్పుడు విరుగుతుందో చెప్పే జోస్యం కాదు. కొన్ని షరతులు నెరవేరినంత కాలం మాత్రమే నిలబడే ఒక హామీ. ఆ షరతులేమిటో తెలిస్తేనే ఈ కింది అపోహలు తొలగుతాయి.

అపోహ: పరిమితి 20,000 సైకిళ్లంటే, డిస్క్ ఆ దరిదాపుల్లో విరిగిపోతుందని అర్థం.

వాస్తవం: ఒకే డ్రాయింగు ప్రకారం, ఒకే మిశ్రలోహంతో, ఒకే యంత్రం మీద తయారైన డిస్క్‌ల ఫెటీగ్ ఆయువు (పదేపదే పడే ఒత్తిడికి లోహం అలిసి పగిలేలోగా తట్టుకునే సైకిళ్లు) ఒకే విధంగా ఉండదు. బ్రిటిష్ సంప్రదాయంలో అత్యంత దృఢమైన డిస్క్‌కూ, అత్యంత బలహీనమైన దానికీ మధ్య దాదాపు 6 రెట్ల తేడా ఉంటుందని తీసుకుని లెక్క వేసేవారు. మేము నిర్ణయించే పరిమితి సగటు డిస్క్‌కు సంబంధించినది కాదు, ఆ వరుసలో చిట్టచివరన ఉండే అతి బలహీనమైన డిస్క్‌కు సంబంధించినది. అది కూడా ఆ డిస్క్ విరిగే క్షణం కాదు. దాని ఉపరితలంపై సుమారు 0.75 మిల్లీమీటర్ల పొడవు, దాదాపు 0.38 మిల్లీమీటర్ల లోతు ఉన్న పగులు ఏర్పడే దశ. పరిమితి ముగిసేనాటికి వెయ్యి డిస్క్‌లలో ఒకదానికి మించి అంతటి పగులు ఉండకూడదన్నది అమెరికాలో వాడుకలో ఉన్న ప్రమాణం. బ్రిటన్‌లో ఆ నిష్పత్తిని 750లో ఒకటిగా తీసుకున్నారు. అంటే పరిమితి తీరి పక్కన పెట్టే డిస్క్‌లలో అత్యధిక భాగం ఏ పగులూ లేనివే.

ఇది వృథా కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అమెరికా వైమానిక దళం 1980లలో యుద్ధవిమానాల ఎఫ్100 ఇంజిన్ డిస్క్‌లను సంఖ్యను బట్టి కాకుండా, పగులు కనిపించినప్పుడే తొలగించే విధానాన్ని అమలు చేసి చాలా ధనాన్ని ఆదా చేసింది. అయితే అందుకు ప్రతి డిస్క్‌నూ నిర్ణీత విరామాల్లో ఎడ్డీ కరెంట్ (లోహంలో విద్యుత్ ప్రవాహాన్ని పుట్టించి పగుళ్లను పసిగట్టే పద్ధతి) వంటి సూక్ష్మ పరీక్షలకు గురిచేసే ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పవలసి వచ్చింది. ప్రపంచమంతటా వందలాది సంస్థల చేతుల్లో తిరిగే పౌర విమాన ఇంజిన్ల విషయంలో అంతటి కట్టుదిట్టం సాధ్యమని నేను అనుకోను.

అపోహ: ఎక్కువ గంటలు ఎగిరిన ఇంజినే ఎక్కువ అరిగిపోయినట్లు.

వాస్తవం: డిస్క్ ఆయువును తినివేసేది ప్రధానంగా గంటలు కాదు, సైకిళ్లు. ఇంజిన్ నిశ్చల స్థితి నుంచి టేకాఫ్ వేగానికి వెళ్లి, ప్రయాణం ముగిశాక మళ్లీ ఆగడం ఒక సైకిల్. సీఎఫ్ఎం56-7బీ ఇంజిన్‌లో అధిక పీడన రోటర్ నూరు శాతం వేగం నిమిషానికి 14,460 చుట్లు. ఆ వేగంలో, 30 సెంటీమీటర్ల వ్యాసార్థంలో ఉన్న 100 గ్రాముల బ్లేడు డిస్క్ అంచును దాదాపు 7 టన్నుల బరువుతో బయటికి లాగుతుంది. అలాంటి బ్లేడ్లు పదుల సంఖ్యలో డిస్క్ చుట్టూ ఉంటాయి. డిస్క్ సొంత బరువు కలిగించే లాగుడు దీనికి అదనం.

వేగం కలిగించే ఒత్తిడితో పాటు ఉష్ణోగ్రత కలిగించే ఒత్తిడి కూడా ఉంది. మందపాటి గాజు గ్లాసులో మరిగే నీళ్లు పోస్తే లోపలి పొర వ్యాకోచించి, బయటి పొర ఇంకా చల్లగానే ఉండడం వల్ల గ్లాసు పగిలినట్లే, టేకాఫ్ సమయంలో టర్బైన్ డిస్క్ అంచు వేగంగా వేడెక్కుతుంది, బరువైన మధ్యభాగం మాత్రం చల్లగానే ఉండిపోతుంది. అందువల్ల మధ్య రంధ్రం చుట్టూ ఉన్న లోహంపై లాగుడు మరింత పెరుగుతుంది. ఇంజిన్ ఆపిన తరువాత పరిస్థితి తలకిందులై, త్వరగా చల్లారే అంచే లాగుడుకు లోనవుతుంది. విమానం గమ్యం వైపు స్థిరంగా ఎగురుతున్న గంటల్లో ఈ ఒత్తిళ్లలో పెద్ద మార్పు ఉండదు. కనుక హైదరాబాద్ నుంచి విజయవాడకు, అక్కడి నుంచి విశాఖపట్నానికి చిన్న దూరాలు తిరిగే విమానపు డిస్క్‌లు, పద్నాలుగు గంటలు ఏకధాటిగా ఎగిరే విమానపు డిస్క్‌ల కంటే క్యాలెండరు ప్రకారం ఎంతో ముందుగా పరిమితికి చేరుకుంటాయి.

యుద్ధవిమానాల్లో లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. ఒకే ప్రయాణంలో పైలట్ థ్రాటిల్‌ను అనేకసార్లు ముందుకూ వెనక్కూ కదుపుతాడు. ఆ చిన్న చిన్న ఊపులను కూడా పాక్షిక సైకిళ్లుగా లెక్కగట్టి కలపాలి. రెండు స్క్వాడ్రన్లు ఒకే ఇంజిన్‌ను వాడుతున్నా, వాటి శిక్షణ తీరును బట్టి గంటకు ఖర్చయ్యే సైకిళ్లు వేరుగా ఉంటాయి.

అపోహ: డిస్క్ విరిగినా, ఇంజిన్ కేసింగ్ దాన్ని లోపలే ఆపుతుంది.

వాస్తవం: కేసింగ్ ఆపగలిగేది విరిగిన బ్లేడును. ధ్రువీకరణ సమయంలో ఫ్యాన్ బ్లేడును కావాలనే పూర్తి వేగంలో విరగ్గొట్టి ఆ సంగతిని నిరూపిస్తారు. డిస్క్ ముక్కలోని శక్తి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దానిని ఆపగల కేసింగ్ తయారు చేస్తే ఆ బరువుతో విమానం ఎగరడమే కష్టం. విరిగిన బ్లేడును కేసింగ్ ఆపుతుంది గనుకనే బ్లేడ్లకు సాధారణంగా ఆయుఃపరిమితి ఉండదు, వాటి పరిస్థితిని చూసి మారుస్తారు. డిస్క్‌కు మాత్రం విరగకుండా ఉండడం తప్ప వేరే రక్షణ లేదు.

అపోహ: పరిమితి దాటనంతవరకు డిస్క్ సురక్షితమే.

వాస్తవం: మా రంగంలో అత్యంత ఖరీదైన పాఠాలన్నీ ఈ అపోహను తొలగించినవే.

1989 జులై 19న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం, ఒక డీసీ-10, అమెరికాలోని సూ సిటీ వద్ద కూలిపోయింది. తోకలోని సీఎఫ్6-6 ఇంజిన్ ముందు ఫ్యాన్ డిస్క్ ఆకాశంలో బద్దలై, దాని శకలాలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ ఛేదించాయి. 296 మందిలో 112 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ డిస్క్ పరిమితి 18,000 సైకిళ్లు. విరిగేనాటికి పూర్తయినవి 15,503. డిస్క్ ముక్కలు మూడు నెలల తరువాత అయోవాలోని మొక్కజొన్న చేలలో దొరికాయి. 1971లో టైటానియం కరిగించేటప్పుడు నైట్రోజన్ అధికంగా చేరి గట్టిపడిన ఒక చిన్న మచ్చ, హార్డ్ ఆల్ఫా అనే లోపం, మధ్య రంధ్రపు ఉపరితలం వద్ద మిగిలిపోయిందనీ, మొదటి పగులు అక్కడే పుట్టిందనీ తేలింది. మా లెక్కలు లోపం లేని లోహానికి వేసినవి. ఆ డిస్క్‌లోని లోహం అలాంటిది కాదు.

1996 జులై 6న పెన్సకోలాలో టేకాఫ్‌కు పరుగెడుతున్న డెల్టా ఎయిర్‌లైన్స్ ఎండీ-88 విమానంలో జేటీ8డీ-219 ఇంజిన్ ఫ్యాన్ హబ్ (ఫ్యాన్ బ్లేడ్లను పట్టి ఉంచే మధ్యభాగం) విరిగి, దాని శకలాలు క్యాబిన్‌లోకి దూసుకువచ్చి ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. పరిమితి 20,000 సైకిళ్లు కాగా అప్పటికి పూర్తయినవి 13,835. ఇక్కడ లోహంలో దోషం లేదు. టై రాడ్ (భాగాలను కలిపి బిగించే కడ్డీ) రంధ్రాన్ని డ్రిల్ చేసేటప్పుడు లోహం విపరీతంగా వేడెక్కి, రంధ్రపు గోడపై పెళుసైన పొర ఏర్పడింది. హబ్ సేవలోకి వచ్చిన కొద్దికాలానికే అక్కడ పగులు పెరగడం మొదలైంది.

2016 అక్టోబర్ 28న షికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 767 విమానపు సీఎఫ్6-80సీ2 ఇంజిన్‌లో టర్బైన్ డిస్క్ విరిగి, ఒక ముక్క దాదాపు 900 మీటర్ల దూరంలోని గోదాం పైకప్పును చీల్చుకుని లోపల పడింది. రెక్క మంటల్లో చిక్కుకున్నా అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పరిమితి 15,000 సైకిళ్లు, పూర్తయినవి 10,984. నికెల్ మిశ్రలోహాన్ని కరిగించేటప్పుడు లోపలే ఉండిపోయిన ఒక అరుదైన మచ్చ దీనికి కారణం. ఆనాటి ఏ పరీక్షా దాన్ని పట్టుకోగలిగేది కాదని దర్యాప్తు సంస్థ అభిప్రాయపడింది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 2017 సెప్టెంబర్ 30న గ్రీన్‌లాండ్ మీదుగా వెళుతున్న ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 విమానంలో ఒక ఇంజిన్ ఫ్యాన్ హబ్ విరిగిన ఉదంతం. ఎవరికీ గాయాలు కాలేదు. విమానం కెనడాలోని గూస్ బేలో దిగింది. కానీ విరిగిన ఫ్యాన్ హబ్ ముక్కను 2019లో మంచు కింద నుంచి వెలికితీసి చూసినప్పుడు, అందులో కరిగింపు లోపమూ లేదు, డ్రిల్లింగ్ లోపమూ లేదు. టైటానియం సూక్ష్మ స్ఫటికాలు ఒకే దిశలో గుంపుగా అమరిన ప్రాంతంలో, అధిక ఒత్తిడి కొంతసేపు అలాగే కొనసాగడం వల్ల పగులు పుట్టింది. ఆ మిశ్రలోహంలో ఇలా జరిగే అవకాశం చాలా తక్కువని అప్పటిదాకా పరిశ్రమ భావించింది. అంటే లోహం గురించిన మన జ్ఞానం కూడా ఆ హామీ షరతుల్లో ఒకటి.

సూ సిటీ వంటి ప్రమాదాల ఫలితంగానే లెక్క వేసే పద్ధతి మారింది. లోహం తయారీ అంతకుముందు నుంచే మారుతూ వచ్చింది: టైటానియాన్ని రెండుసార్లకు బదులు మూడుసార్లు శూన్యంలో కరిగించడం 1970లలోనే మొదలైంది, తరువాత హార్త్ కరిగింపు (వెడల్పాటి తొట్టిలో కరిగించి మలినాలను వేరుచేసే పద్ధతి) వచ్చింది. లెక్క విషయానికి వస్తే, 2001 నాటి అమెరికా పౌర విమానయాన సంస్థ మార్గదర్శకం ప్రకారం, దోషరహితమైన లోహానికి లెక్క వేసి ఊరుకుంటే చాలదు. హార్డ్ ఆల్ఫా మచ్చ ఉండే సంభావ్యత, దాని పరిమాణం, పరీక్షలో దొరికే అవకాశం, పగులు పెరిగే వేగం, ఇవన్నీ కలిపి, ఒక భాగం ఒక ప్రయాణంలో విరిగే అవకాశం వంద కోట్లలో ఒకటికి మించకుండా ఉందో లేదో చూడాలి. పాత పద్ధతిని ఇది రద్దు చేయలేదు, దానికి తోడయింది.

అపోహ: ప్రతి ఓవర్‌హాల్‌లోనూ తనిఖీ జరుగుతుంది కదా, పగులుంటే అప్పుడే దొరుకుతుంది.

వాస్తవం: సూ సిటీ డిస్క్‌ను ప్రమాదానికి 760 సైకిళ్ల ముందే ఫ్లోరసెంట్ పెనెట్రంట్ ద్రవంతో (పగుళ్లలోకి ఇంకి, చీకట్లో ప్రత్యేక కాంతిలో మెరిసే ద్రవం) పరీక్షించారు. అప్పటికే దాని మధ్య రంధ్రంలో సుమారు అర అంగుళం పగులు ఉండి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. అయినా అది కంటపడలేదు. పెన్సకోలా హబ్‌కు కూడా తొమ్మిది నెలల ముందు ఇదే పరీక్ష జరిగింది. తనిఖీ చేసేవారి నైపుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చీకటి గదిలో, గంటల తరబడి, తొంభై తొమ్మిది శాతం సందర్భాల్లో ఏమీ కనిపించని పనిలో ఏకాగ్రత నిలపడం ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. అందువల్లే మా లెక్కల్లో తనిఖీకి ‘ఇంత పొడవు పగులును పట్టుకునే సంభావ్యత ఇంత’ అనే విలువ ఇస్తాం తప్ప, పూర్తి మార్కులు వేయం. తనిఖీ పరిమితికి అదనపు కాపలా, ప్రత్యామ్నాయం కాదు.

అపోహ: మరింత బలమైన లోహం వాడితే ఆయువు దానంతట అదే పెరుగుతుంది.

వాస్తవం: బలమైన లోహం దొరికితే డిజైనర్ దానిపై ఒత్తిడి కూడా పెంచుతాడు, బరువు తగ్గించడానికి. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న డిస్క్‌ను ముక్కలు చేయడానికి చిన్న పగులే చాలు. పౌడర్ పద్ధతిలో, అంటే లోహపు పొడిని అదిమి, తయారైన నికెల్ మిశ్రలోహాలు ఎంతో దృఢమైనవి, కానీ ఆ పౌడర్‌లో కలిసే అతి చిన్న మలినం వాటికి పెద్ద శత్రువు. 2015 చివరి నుంచి 2021 వరకు తయారైన ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్ ఇంజిన్ భాగాల్లో అలాంటి మలినాలు ఉండవచ్చని 2023లో వెల్లడి కావడంతో, ప్రపంచమంతటా ఇంజిన్లను విప్పి తనిఖీ చేయవలసి వచ్చింది. మన దేశంలో ఇండిగో విమానాలు డజన్ల కొద్దీ నేలమీద నిలిచిపోవడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

అపోహ: సంఖ్య ఒకసారి ఖరారైతే ఇక మారదు.

వాస్తవం: ఇంజిన్ల ధ్రువీకరణకు సంబంధించిన అమెరికా నిబంధన 33.70 తయారీదారు నుంచి మూడు ప్రణాళికలను కోరుతుంది: ఇంజినీరింగు ప్రణాళిక, తయారీ ప్రణాళిక, సేవాకాల నిర్వహణ ప్రణాళిక. ఈ మూడింటిలో ఏది మారినా సంఖ్యను మళ్లీ పరిశీలించాలి. కొత్త ఇంజిన్‌కు తరచుగా తక్కువ పరిమితితో మొదలుపెట్టి, సేవలో నుంచి తీసిన డిస్క్‌లను పరీక్షించి, స్పిన్ పిట్‌లో (డిస్క్‌ను విడిగా అధిక వేగంతో తిప్పే పరీక్షా గుంత) తిప్పి చూసి క్రమంగా పెంచుతారు. క్షేత్రంలో ఊహించనిది బయటపడితే ఆదేశాల ద్వారా ఒక్కసారిగా తగ్గిస్తారు.

తయారీ మారితే ఏమవుతుందో చూపడానికి మన హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, అంటే డీఎంఆర్‌ఎల్, తన 2000 టన్నుల ప్రెస్సుపై టైటానియం మిశ్రలోహంతో అధిక పీడన కంప్రెసర్ ఐదు దశల డిస్క్‌లనూ సమోష్ణ ఫోర్జింగ్ (అచ్చునూ లోహాన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉంచి నొక్కి ఆకారమివ్వడం) పద్ధతిలో తయారు చేసే సాంకేతికతను సాధించినట్లు 2021లో డీఆర్‌డీఓ ప్రకటించింది. అవి జాగ్వార్, హాక్ విమానాల అడూర్ ఇంజిన్ కోసం. ఆకారం, కొలతలు పాతవే కదా అని వాటిని నేరుగా ఇంజిన్‌లో బిగించలేదు. భాగాల స్థాయి పరీక్షల ఫలితాలన్నీ చూసిన తరువాతే హెచ్‌ఏఎల్, వాయుసేన వాటిని ఇంజిన్‌లో అమర్చడానికి అనుమతించాయి. ఫోర్జింగ్ దారి మారితే స్ఫటికాల అమరిక మారుతుంది, అమరిక మారితే ఫెటీగ్ ఆయువు మారుతుంది. కనుక అనుమతికి ముందు అన్ని పరీక్షలు చేయించడాన్ని జాప్యంగా చూడకూడదని నా నిశ్చితాభిప్రాయం.

అపోహ: రికార్డుల్లో కొంత ఖాళీ ఉన్నా, డిస్క్ బాగానే ఉంటే వాడుకోవచ్చు.

వాస్తవం: డిస్క్‌ను చూసి అది ఎన్ని సైకిళ్లు చేసిందో ఎవరూ చెప్పలేరు, ఖర్చయిన ఆయువు లోహంపై కనిపించదు. అందువల్ల తయారైన మొదటి రోజు నుంచి ఏ ఇంజిన్‌లో, ఏ థ్రస్ట్ రేటింగులో (ఇంజిన్‌ను ఎంత తోపుశక్తి వరకు వాడవచ్చన్న స్థాయి) ఎన్ని సైకిళ్లు తిరిగిందన్న నమోదు అతుకుల్లేకుండా ఉండాలి. రేటింగు ఎందుకు ముఖ్యమో ఒక ఊహాత్మక లెక్కలో చూడండి. ఒక డిస్క్‌కు తక్కువ రేటింగులో 30,000, ఎక్కువ రేటింగులో 20,000 సైకిళ్ల పరిమితి ఉందనుకుందాం. తక్కువ రేటింగులో 12,000 పూర్తి చేసిందంటే దాని ఆయువులో 40 శాతం ఖర్చయింది. దానిని ఎక్కువ రేటింగు ఇంజిన్‌కు మారిస్తే మిగిలిన 60 శాతం ఆ పరిమితికి వర్తించి, ఇంకా 12,000 సైకిళ్లే వాడాలి. మొదటి యజమాని ఏ రేటింగులో నడిపాడో కాగితం లేకపోతే, ఆ సైకిళ్లన్నీ అత్యంత కఠినమైన రేటింగులో జరిగినట్లు లెక్కించవలసి వస్తుంది. సైకిళ్ల సంఖ్యే తెలియకపోతే ఎంత మెరిసే డిస్క్ అయినా తుక్కుకు పంపవలసిందే. ఈ పరిమితికి ‘ఇంకో పది ప్రయాణాలు’ అనే వెసులుబాటు కూడా లేదు. ఇతర నిర్వహణ పనులకు కొన్నిసార్లు దొరికే గడువు పొడిగింపు దీనికి వర్తించదు.