మోకాలెత్తు నుంచి పులి లెక్క

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే ఎవరైనా ఒక్కసారి పులి కోసం చెట్ల మధ్యకి తొంగి చూస్తారు. దాదాపు ఎవరికీ కనబడదు. ఆ అడవిలోనే కాపురముండే బేస్ క్యాంపు సిబ్బందికీ అది ఎదురుపడేది అరుదే. మార్కాపురం వైపు కొండల నుంచి నల్లమలలోకి పరుచుకున్న నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది, మూడు వేల చదరపు కిలోమీటర్ల పైమాట. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. ఇంత అడవిలో కంటపడని జంతువును లెక్కపెట్టాలి.

మునుపు అడుగుజాడ మీద గాజుపలక పెట్టి దాని అంచులు గీసుకునేవారు. ఒకే పులి పాదం పొడి ఇసుకలో ఒకలా, వాగు బురదలో ఇంకోలా పడుతుంది. గీసే చేయి మారితే గీతా మారుతుంది. 2005 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులున్నాయి, అడవిలో ఒక్కటీ లేదు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే జాతీయ గణనకు, జంతువు ముందు నుంచి నడిస్తే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలే ప్రధాన ఆధారం.

ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు, ఏది ఏ పులో వాటినిబట్టే గుర్తుపడతారు. అయితే ఒకే పులికి కూడా రెండు పక్కల చారలు ఒకలా ఉండవు. ఒకచోట ఎడమ పక్క, మరోచోట కుడి పక్క మాత్రమే ఫొటోకు చిక్కితే ఒక్క పులి రెండు పులులయ్యే ప్రమాదముంది. అందుకే కెమెరాలను జతగా, బాటకు అటూ ఇటూ కడతారు. అడవిని రెండేసి చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడదీసి, గడికి ఒక జత. అంటే వంద చదరపు కిలోమీటర్లకు యాభై జతలు, వంద కెమెరాలు.

గడిలో ఎక్కడ కట్టాలో మ్యాపు చెప్పదు. అది చెప్పగలిగేది ప్రొటెక్షన్ వాచర్లుగా పనిచేసే చెంచులు. పులి ముళ్లపొదల్లో దూరి నడవదు. జీపు బాట, వాగు ఇసుక, రెండు బాటలు కలిసే చోటు దానికి ఇష్టం. అడుగుజాడ అంచు ఇంకా పదునుగా ఉందా, దాని మీద చీమలు బారు కట్టాయా, రాత్రి మంచు పడిందా అన్నది చూసి జాడ ఎప్పటిదో పసిగడతారు. జాడ మొత్తం చతురస్రంగా ఉంటే చాలావరకు మగది, కోలగా ఉంటే ఆడది. పెంటిక, నేల గీకిన గుర్తు, చెట్టు మొదట్లో మూత్రం వాసన, వీటిలో రెండు ఒకేచోట దొరికితే జత అక్కడే కట్టేయవచ్చు. ఈ చూపును కొలిచే పద్ధతి ఏ నివేదికలోనూ లేదు గానీ, లెక్క బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే.

కట్టడంలో తప్పులు చిన్నవి, నష్టం పెద్దది. కెమెరా నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్లు, మనిషి మోకాలెత్తున ఉండాలి. ఇంకా పైన కడితే వీపే పడుతుంది, పక్క చారలు పడవు. బాట మధ్య నుంచి మూడు నాలుగు మీటర్ల దూరం సరిపోతుంది. మరీ దగ్గరైతే సగం పులే ఫ్రేములో ఉంటుంది. రెండు కెమెరాలూ ఎదురెదురుగా సూటిగా చూసుకుంటే ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫొటోను తెల్లబరుస్తుంది కనుక కాస్త పక్కకు జరుపుతారు. తూర్పు పడమరలకు తిప్పితే పొద్దున్నే, సాయంత్రం ఎండ నేరుగా పడి ఉత్త ఫొటోలు తీస్తుంది.

సెన్సరు పసిగట్టేది కదిలే వేడిని. వేసవి మధ్యాహ్నం మార్కాపురం వైపు బండరాళ్లు కాలిపోతున్నప్పుడు జంతువు ఒంటి వేడికీ వెనకాల నేల వేడికీ తేడా తగ్గిపోయి, ఎదురుగా నడిచినా కెమెరా మేలుకోకపోవచ్చు. అదే సమయంలో గాలికి ఊగే ఎండుగడ్డికి మాత్రం మాటిమాటికీ మేలుకుంటుంది. అందుకే ముందున్న గడ్డిని కొడవలితో కోసేస్తారు. ఆ పని మరిచిపోతే కార్డు నిండా గడ్డి ఫొటోలే. కట్టాక ఒకరు వంగి, పులి ఎత్తులో కెమెరా ముందు నుంచి నడిచి చూస్తారు. చూసేవాళ్లకు నవ్వొచ్చే సన్నివేశమే గానీ ఈ పరీక్ష మానకూడదు.

ఒక ప్రాంతంలో ఈ పని 45 నుంచి 60 రోజుల్లో ముగియాలి. ఎక్కువ రోజులు సాగితే ఈలోగా కొన్ని పులులు చనిపోవచ్చు, కొత్తవి రావచ్చు, లెక్క కలగాపులగమవుతుంది. వచ్చిన ఫొటోల్లో చారలను సాఫ్ట్‌వేర్ పోల్చి దగ్గరి పోలికలు ముందుంచుతుంది. అవునో కాదో తేల్చేది మనిషి కన్నే. ఏడాది లోపు కూనలను లెక్కలో కలపరు.

ఫొటోకు చిక్కని పులుల సంగతి? మొదటి విడతలో పది వేర్వేరు పులులు పడ్డాయనుకుందాం. రెండో విడతలోనూ పది పడ్డాయి, అందులో ఐదు పాతవే. అంటే మొదటి పది మొత్తంలో దాదాపు సగం, కాబట్టి మొత్తం ఇరవై దాకా ఉండాలి. అసలు పద్ధతి ఏ పులి ఏ కెమెరా దగ్గర ఎన్నిసార్లు కనిపించిందో కూడా కలుపుకుంటుంది, కానీ మూలసూత్రం ఇదే. ఆంధ్రప్రదేశ్‌కు 2018లో వచ్చిన 48, 2022లో వచ్చిన 63 ఇలాంటి అంచనాలే తప్ప తలలు లెక్కపెట్టి చెప్పినవి కావు.

పులి ఒక్కదాన్నే లెక్కిస్తే కథ సగమే తెలుస్తుంది. దాని తిండి కణితి, దుప్పి, అడవిపంది. అందుకని బీట్ సిబ్బంది రెండు కిలోమీటర్ల సూటి గీత వెంట తెల్లవారుజామున నడుస్తూ, కనిపించిన మంద ఎంత దూరంలో, ఏ కోణంలో ఉందో రాసుకుంటారు. అదే నడకలో ఉచ్చులూ దొరుకుతాయి. పందుల కోసం క్లచ్ వైరుతో పన్నిన ఉచ్చులో చిరుతైనా, పులైనా ఇరుక్కుంటుంది. పొలం గట్టున కరెంటు తీగ అంతకంటే ఘోరం. అది ఆ దారిన పోయే మనిషినీ వదలదు.

దోర్నాల దారిలో తుమ్మలబైలు దగ్గర సఫారీ జీపు ఎక్కేవాళ్లకు పులి కనిపించకపోతే డబ్బులు దండగైనట్టు అనిపిస్తుంది. డ్రైవరును వాగు ఇసుక దగ్గర ఆపమని అడగండి, జాడ దొరకవచ్చు. కొండముచ్చు అదేపనిగా అరుస్తుంటే, కణితి ఒక్క పెద్ద కేక వేసి కాలు నేలకేసి కొడితే, దగ్గర్లో ఏదో నడుస్తోందన్నమాట. ఘాట్ మీద కోతులకు అరటిపండు విసరడం మాత్రం వద్దు. అలవాటుపడి రోడ్డుమీదే మకాం పెట్టి బస్సుల కింద పడేది అవే.

చెట్టుకు కట్టిన కెమెరా కనిపిస్తే ముట్టుకోకండి. బ్యాటరీ ఊడితే కొన్నిట్లో గడియారం మొదటికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత పడిన పులి ఏ రాత్రిదో తెలియదు. దానికి మందుగా సిబ్బంది కెమెరా కట్టిన రోజూ, విప్పే రోజూ తేదీ, సమయం రాసిన కాగితాన్ని దాని ముందు పట్టుకుని ఒక ఫొటో తీయిస్తారు.