‘ఆకలైతలేదమ్మా’ అన్న మాట వెనక

సెలవులకు వచ్చిన బిడ్డ బక్కచిక్కి కనబడగానే హనుమకొండ, వరంగల్ ఇళ్లలో మొదలయ్యే గొడవ మళ్లీ హాస్టల్ గేట్ల దాకా వచ్చింది. ‘పప్పు నీళ్లలెక్క పోస్తున్నరు, పిల్లలెట్ల తింటరు’ అని తల్లిదండ్రులు. ‘ఫోన్లు చూసి డైటింగ్ చేస్తున్నరు’ అని హాస్టళ్లు. మెస్ కూడు బాగాలేకపోవచ్చు. కానీ ఇంట్లో అమ్మ కలిపిన చారన్నం కూడా గొంతు దిగని పిల్లల సంగతి ఈ రెండు వాదనల్లోనూ లేదు.

తిండి మానేసి ఒళ్లు చిక్కిపోయే ఈ మానసిక జబ్బు పేరు అనొరెక్సియా. దానికి 1870లలో లండన్, పారిస్ వైద్యులు పేరు పెట్టిన కథ చాలామందికి తెలిసిందే. మన పిల్లల గోడు తెలియాలంటే 1995 దగ్గర ఆగాలి. ఆ ఏడాది ఢిల్లీ మానసిక వైద్యులు ఐదుగురు యువతుల గురించి రాశారు. తిండి మానేశారు, వాంతులు ఆగవు, బరువు బాగా పడిపోయింది, నెలసరి నిలిచిపోయింది. అయినా పాశ్చాత్య పుస్తకాల్లో ఈ జబ్బుకు గుర్తుగా చెప్పే లక్షణం, అంటే ఎముకలు తేలినా తాను లావుగా ఉన్నాననుకోవడం, వాళ్లలో లేదు. అదే దశకంలో హాంకాంగ్ వైద్యులకూ ఇలాంటి రోగులే ఎదురయ్యారు. లావు మాట ఎత్తరు. కడుపు ఉబ్బరం, ఆకలి లేదు, అంతే.

అసలు మలుపు ఇక్కడే ఉందని నా నమ్మకం. మన అమ్మాయి ‘లావైతనేమో’ అనదు. ‘ఆకలైతలేదమ్మా’ అంటుంది. దాంతో గ్యాస్ డాక్టర్, స్కానింగ్, సెలైన్, చివరికి ‘గాలి సోకింది’ అని తాయెత్తు. ఒక్కపొద్దు ఉంటున్నానంటే ఇంట్లో ఎవరూ కాదనరు. శనివారంతో మొదలైన ఒక్కపొద్దు సోమ, గురువారాలకు పాకినా భక్తి అనుకుంటారు. సద్దుల బతుకమ్మ నాడు మలీద అందరికీ పంచుతుంది, తాను మాత్రం వేళ్లకు అంటింది కడిగేసుకుంటుంది. గాజులు మోచేతి దాకా జారుతుంటే అప్పుడు చూస్తారు.

మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు చూసే పుస్తకం మారడానికి 2013 దాకా పట్టింది. మూడు నెలలు నెలసరి ఆగితేనే అనొరెక్సియా అన్న షరతును అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ అప్పుడు తీసేసింది. లావవుతానన్న భయం నోటితో చెప్పకపోయినా, బరువు పెరగకుండా అడ్డుకునే తీరు కొనసాగుతుంటే చాలంది. ఆపుకోలేక అతిగా తినే జబ్బుకూ అదే ఏడాది విడిగా గుర్తింపు వచ్చింది. ఢిల్లీ వైద్యులు రాసిన 1995కూ దీనికీ మధ్యలో పద్దెనిమిదేళ్లు పోయాయి.

ఫోన్ల మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఫిజీలో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అంతకుముందు బరువు తగ్గాలని వాంతి చేసుకునే బడిపిల్ల ఒక్కరూ కనబడని చోట, 1998 నాటికి 11 శాతం మంది ఆ పని చేస్తున్నట్టు తేలింది. కానీ తెర జబ్బును తెచ్చిపెట్టిందంటే, పిల్లదే తప్పని తేల్చినట్టు కాదు.

‘మొండిది’ అనేవాళ్లు ఇంకా వెనక్కి, 1944-45 నాటి అమెరికాలోని మిన్నెసోటాకు వెళ్లాలి. అక్కడ ఒక ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లకు ఆరు నెలల పాటు తిండి దాదాపు సగానికి తగ్గించారు. దిగులు పట్టుకుంది. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. ముద్దను చిన్న చిన్న ముక్కలు చేసి గంటల తరబడి తిన్నారు. కంచంలో అన్నాన్ని అంచులకు నెట్టి పప్పు కింద దాచే అమ్మాయిని చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. పస్తు మనసునే మార్చేస్తుంది.

అందుకే ఇంటికి తీసుకెళ్లి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడమూ ప్రమాదమే. చాలాకాలం పస్తున్న ఒంట్లో ఫాస్ఫరస్ హఠాత్తుగా పడిపోయి గుండె మీదికి వస్తుంది. తిండి ఎంత, ఎలా పెంచాలో డాక్టరే చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు లండన్‌లో 1980లలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్సలో తల్లిదండ్రులు పూట పూటా బిడ్డ పక్కన కూర్చుని తినిపిస్తారు. తప్పు మెస్‌దా, ఫోన్‌దా, అమ్మదా అని ఆ చికిత్సలో ఎవరూ అడగరు.